ఆలియం గడ్డల పేరుతో చెవిలో పువ్వు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఆలియం అనే ఉల్లి జాతి పూలమొక్క ఉంది కదా, ఆ ఊదారంగు బంతుల్లాంటి పూల వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఎవరో ఒకావిడ పూల మధ్య నడుస్తుంటుంది, వెనకాల వీణ మ్యూజిక్, కింద పసుపు అక్షరాల్లో 'జెయింట్ ఆలియం, హాలండ్ నుంచి డైరెక్ట్ దిగుమతి, మన వాతావరణానికి గ్యారంటీ'. ఆ గడ్డలు అమ్మే నర్సరీ వాళ్ళే. పేరు నేను రాయను, రాయక్కర్లేదు కూడా. మొక్కల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళ ఫోన్లలో ఈ దసరాకి వాళ్ళ ఆఫర్ రానిది ఎవరికో చెప్పండి.

ఒక్కో గడ్డ ₹220, ఆరు తీసుకుంటే కొరియర్ ₹150. మొత్తం ₹1,470, ముందే యూపీఐలో కట్టాలి, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. కట్టేశాను. అంతకుముందు ఫోన్లో మాట్లాడాను లెండి. గుడ్డిగా కట్టలేదు, వివరంగా మాట్లాడి మరీ మోసపోయాను. "ఎక్కడి నుంచి అక్కా?" అన్నాడు అమ్మేవాడు. కొరాపుట్ జిల్లా, సునాబెడ అని చెప్పాను. "ఒడిశాలో ఉన్నా తెలుగువాళ్ళే కదా అక్కా, మనవాళ్ళని మోసం చేస్తానా? మీ కొండల చలికి ఈ పువ్వు విరగబూస్తుంది, అరవై రోజుల్లో ఫొటో మీరే పంపిస్తారు చూడండి" అన్నాడు. ఇక్కడ సాలూరు ఘాట్ ఎక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటి బయట అడుగు పెడితే ఒడియా, హిందీ. ఫోన్లో ఎవరైనా తెలుగులో అక్కా అంటే ప్రాణం కొంచెం మెత్తబడుతుంది. వాడికి అది బాగా తెలుసు.

పార్శిల్ వచ్చింది. విప్పితే న్యూస్‌పేపర్‌లో ఆరు గడ్డలు. ఎర్రటి పొర, గోరు తగిలితే చిరచిరమని రాలుతోంది. మెడ దగ్గర బజారు ఉల్లికి కోసినట్టే కోసేసి ఉంది. కింద ఎండిన వేళ్ళు కుచ్చులా ఉన్నాయి. ఒకదానికి అప్పటికే పచ్చగా మొలక కూడా వచ్చేసింది. రోజూ ఉల్లిపాయలు తరిగే చేతులు నావి. చూడగానే అనుమానం వచ్చింది, ఫొటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "అక్కా, ఆ ఎర్ర రంగు ఫంగిసైడ్ కోటింగ్. హాలండ్‌లో కుళ్ళకుండా వేస్తారు. కడగొద్దు. పిల్లలకి అందనివ్వకండి, చేతులకి గ్లౌజులు వేసుకుని పాతండి. ఉల్లి వాసన వస్తుందంటారా, ఆలియం ఉల్లి కుటుంబమే కదా, వాసన రాకపోతేనే డూప్లికేట్."

అబద్ధం చెప్పడంలో వాడి పనితనం చూడండి. విత్తనాలకి, గడ్డలకి మందు పట్టించి గులాబీ రంగులో అమ్మడం నిజంగానే ఉంది. ఆలియం ఉల్లి జాతి అన్నదీ నిజమే, గడ్డ కోస్తే ఉల్లి వాసన వస్తుందన్నదీ నిజమే. రెండు నిజాల మధ్య ఒక అబద్ధం పెట్టి నా చేత మింగించాడు.

నేను ఏం చేశానంటే, మెడికల్ షాపుకి వెళ్ళి గ్లౌజులు కొన్నాను. ఇసుక, ఎర్రమన్ను, పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా అడుగున గులకరాళ్ళు వేసి, ఆరు కుండీల్లో ఆరు గడ్డలు పాతాను. 'ముట్టుకోవద్దు, విషం' అని అట్టముక్క మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాసి గుచ్చాను. వరండాలో కూర్చుని మా అత్తయ్య ఇదంతా చూసి, "ఏటమ్మా, ఉల్లిపాయలకి గ్లౌజులేటి?" అన్నారు. ఇవి హాలండ్ గడ్డలు అత్తయ్యా, మీకు తెలీదు అని ఆవిడకి ఆలియం గురించి క్లాసు పీకాను. ఆవిడ మళ్ళీ ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడూ అనడం లేదు, అదే పెద్ద శిక్ష.

ఆకులు వచ్చాయి. గొట్టాల్లా, నిటారుగా. ఇక్కడే విషయం తేలిపోయింది. పెద్ద ఆలియంల ఆకులు అలా ఉండవు. జైగాంటియం అనే రకం ఆకు వెడల్పుగా, పట్టీలా, బల్లపరుపుగా వచ్చి నేల మీదికి వాలుతుంది. పువ్వు విచ్చే వేళకి ఆ ఆకులు వాడిపోవడం కూడా మొదలవుతుంది. గడ్డ పిడికిలంత ఉంటుంది, పై పొర తెల్లగానో బూడిద రంగుగానో ఉంటుంది గానీ ఇలా బజారు ఎరుపు కాదు. నేను ఒక ఆకుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాను. టప్‌మని పగిలింది. లోపల ఖాళీ. మజ్జిగలోకి నంజుకునే ఉల్లికాడ! కుందులి సంతకి కూరగాయలు తీసుకెళ్ళే ఒకావిడ గేటు దగ్గర ఆగి కుండీల వైపు, నా అట్టముక్క వైపు చూసి "పియాజొ?" (ఉల్లిపాయలా?) అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నొక్కిన ఆకు వీడియో తీసి పంపాను. మర్యాదగానే రాశాను, 'తమ్ముడూ, పొరపాటున వేరేవి ప్యాక్ అయినట్టున్నాయి, మార్చి పంపండి' అని. డబ్బు వెనక్కి కూడా అడగలేదు, గమనించండి. బ్లూ టిక్కులు పడ్డాయి. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మేడమ్, ఆలియం అంటే ఉల్లిజాతే. మీరు ఉల్లిజాతి అడిగారు, మేం ఉల్లిజాతి పంపాం. పువ్వు రాకపోతే ఆ కాడలు కోసుకుని పకోడీలు వేసుకోండి. అయినా ఆ ఒడిశా అడవుల్లో కూర్చుని మీకు హాలండ్ పూలెందుకు మేడమ్?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోపాటు ప్యాకింగ్ టేపు చర్రున లాగిన చప్పుడు కూడా వినిపించింది. అంటే నాతో ఇలా మాట్లాడుతూనే ఇంకొకరి పార్శిల్ కడుతున్నారు! వంటింట్లో నిలబడి ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. మా ఆయన "వదిలెయ్, పధ్నాలుగు వందలే కదా" అన్నారు. డబ్బు గురించి కాదండీ. పైసలు పడేదాకా అక్కని, పడ్డాక మేడమ్‌ని అయ్యాను చూశారా, అది. ఫోన్లో 'ఒడిశాలో ఉన్నా మనవాళ్ళే' అన్న నోటితోనే 'అడవుల్లో కూర్చున్నవాళ్ళు' అన్నాడే, అది. పకోడీల మాట అయితే పుండు మీద కారమే. నేను జవాబు టైప్ చేసేలోపే బ్లాక్ చేశాడు. ఇంకో నంబరు నుంచి చేస్తే 'హలో అక్కా, ఏ గడ్డలు కావాలి?' అని అదే తీపి గొంతు. నా పేరు చెప్పగానే కట్. కొత్త గొంతు దొరికితే అక్కే, పాత గొంతుకి బ్లాక్.

ఈ కోపంలో కూర్చుని ఆలియం గురించి ముందు చదవాల్సినవన్నీ ఇప్పుడు చదివాను. చదివిన కొద్దీ ఇంకా మండుతోంది, ఎందుకంటే నిజమైన గడ్డలు పంపి ఉన్నా వాడి 'అరవై రోజుల గ్యారంటీ' పచ్చి అబద్ధమే. ఇవి మధ్య ఆసియా, ఇరాన్ వైపు కొండల్లో పుట్టిన మొక్కలు. అక్కడ చలికాలమంతా మట్టి గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది, వేసవి పొడిగా ఉంటుంది. శరదృతువులో పాతిన గడ్డకి వారాల తరబడి ఆపకుండా చలి తగిలితేనే లోపల పూమొగ్గ తయారై, యూరప్‌లో మే, జూన్ నెలల్లో నాలుగైదు అడుగుల కాడ లేచి పైన ఊదా బంతి విచ్చుకుంటుంది. మన సునాబెడ, సెమిలిగుడ చలి గొప్ప చలే, కాదనను. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగే రోజులున్నాయి. కానీ మధ్యాహ్నానికి స్వెట్టర్ తీసేస్తాం కదా? ఆ ఎండ కుండీ మట్టికీ తగులుతుంది. గడ్డకి కావలసింది తెల్లవారుజాము చలి ఒక్కటే కాదు, పగలూ రాత్రీ వదలని చలి. అందుకే వెచ్చని ప్రాంతాల్లో పెంచాలనుకునేవాళ్ళు గడ్డల్ని ముందు వారాల తరబడి ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్తారు. ఆ తర్వాత పూసినా, వేసవిలో నిద్రపోయే గడ్డకి పొడి నేల కావాలి. మనకి జూన్ నుంచి వర్షమే వర్షం. కొరాపుట్ వానలకి గడ్డ మట్టిలోనే కుళ్ళిపోతుంది, రెండో ఏడు పూస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఇక విశాఖ, విజయనగరం, బరంపురం వైపు ఉన్నవాళ్ళకి చెప్పేదేముంది.

వాళ్ళ కేటలాగ్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో చూశారా? ఎర్ర జెయింట్, నీలం జెయింట్, 'రెయిన్‌బో ఆలియం' అట, ఒకే బంతిలో ఏడు రంగులు. నీలం ఆలియం ఉన్నమాట నిజమే, కానీ దాని పువ్వు చిన్నది, పేరు కెరూలియం. ఫుట్‌బాల్ అంత నీలం బంతి కంప్యూటర్‌లో రంగు మార్చినదే. ఎర్ర బంతి పువ్వే కావాలంటే మన వాతావరణంలో మే నెలలో పూసే ఫుట్‌బాల్ లిల్లీ గడ్డ వేసుకోండి. అది ఆలియం కాదు, కానీ చక్కగా పూస్తుంది, ఇరుగుపొరుగువాళ్ళు పిలకలు ఊరికే ఇస్తారు. నిజంగా ఉల్లి జాతి పువ్వే కావాలంటే వెల్లుల్లి వాసన వచ్చే గార్లిక్ చైవ్స్ ఉంది, తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు, ఇంత చలి అడగదు. ఆకులు కూరలోకి కూడా పనికొస్తాయి. పకోడీల్లోకి కూడా, ఆ మహానుభావుడు చెప్పినట్టు.

నా ఆరు కుండీల్లో ఏం పూస్తుందో తెలుసా? ఉల్లి విత్తనం కోసం రైతులు గడ్డలు పాతితే వచ్చే తెల్ల పూల గుత్తి. చూడ్డానికి అదీ బంతే. ఫొటో తీసి ఊదారంగు పూసి అమ్మితే నాకూ ₹220 వస్తుందేమో.

ఇంకా డబ్బు కట్టనివాళ్ళకి రెండు మాటలు. విదేశీ గడ్డ అని ఎవరైనా అంటే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (గడ్డలకి తెగుళ్ళు, పురుగులు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం), ఇంపోర్ట్ పర్మిట్ కాపీ అడగండి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయటి దేశపు గడ్డలు అవి లేకుండా రాకూడదు. నేను ఇప్పుడు అడిగి ఉపయోగం లేదు, మీరు ముందే అడగండి. ముందే మొత్తం కట్టమంటే ఆగండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరికి పరిగెత్తక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. యూపీఐ రసీదు, చాట్, వాయిస్ మెసేజ్ ఏదీ డిలీట్ చేయకండి. వాళ్ళు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టకముందే ఫోన్లో సేవ్ చేసుకోండి. నా మెసేజ్‌ని నేను పెన్‌డ్రైవ్‌లో కూడా వేశాను. ఇదే నర్సరీ దగ్గర కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద చెప్పండి, అందరం కలిసి ఒకే ఫిర్యాదు పెడదాం. ఈ వారం పార్శిల్ రావాల్సినవాళ్ళు కత్తెర పెట్టే ముందే వీడియో ఆన్ చేయండి.