నాక్‌నెక్ నదిపై సాల్మన్ వేట: బస, పడవ, గైడు

అలాస్కాలోని ఆంకరేజ్ నుంచి, నాక్‌నెక్ నది ఒడ్డున ఉన్న కింగ్ సాల్మన్ అనే ఊరికి రోడ్డు లేదు. నైరుతి దిశగా సుమారు 290 మైళ్ళు విమానంలోనే వెళ్ళాలి. గాలిలో గడిపేది గంటే అయినా, బ్రిస్టల్ బే అఖాతం మీద పొగమంచు కమ్మితే ఆ గంట కోసం రోజంతా ఎదురుచూడవలసి రావచ్చు. జూలై మొదటి వారంలో నలుగురు మిత్రులం అక్కడికి బయలుదేరేటప్పుడు, తిరుగు ప్రయాణంలో ఆంకరేజ్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలని మాలో ఒకరు గట్టిగా పట్టుబట్టారు. మిగిలిన ముగ్గురికీ అది అనవసరపు ఖర్చనిపించినా కాదనలేక ఒప్పుకున్నాము.

అలాస్కా నదుల్లోకి వచ్చే సాల్మన్ చేపలు ఐదు రకాలు: కింగ్, సాకై, కోహో, పింక్, చమ్. వీటిలో ఎర్ర సాల్మన్ అని కూడా పిలిచే సాకైకి బ్రిస్టల్ బే ప్రపంచంలోనే అతి పెద్ద నెలవు. నాక్‌నెక్ నదిలో జూన్ చివరి నుంచి జూలై మధ్య వరకు వాటి రాక ఉధృతంగా ఉంటుందని తెలుసుకుని, ఆ రోజులను బట్టే సెలవులు పెట్టుకున్నాము. బస చూసి తేదీలు నిర్ణయించుకోవడం కంటే, తేదీలు నిర్ణయించుకుని దొరికిన బసతో సరిపెట్టుకోవడమే ఇక్కడ సరైన పద్ధతి.

మేము దిగినది నది ఒడ్డున ఉన్న చెక్క కేబిన్లలో. ఐదు రాత్రుల బస, భోజనం, మూడు రోజుల పాటు గైడుతో పడవ, గాలపు కర్రలు, నీళ్ళలో దిగేటప్పుడు తడవకుండా వేసుకునే, ఛాతీ వరకు వచ్చే వేడర్లు, పట్టిన చేపలను కోసి గడ్డకట్టించి ఇవ్వడం, అన్నీ కలిపి మనిషికి 4,800 డాలర్లు తీసుకున్నారు. విమానం టికెట్లు, లైసెన్సు, గైడుకు ఇచ్చే టిప్పు వేరు. అలాస్కా వాసులు కానివారికి ఏడు రోజుల చేపల వేట లైసెన్సు 45 డాలర్లు. కింగ్ రకం సాల్మన్ పట్టదలచినవారు దానికి ప్రత్యేకమైన అనుమతి స్టాంపు కూడా కొనాలి కానీ, మా ఉద్దేశం సాకై మాత్రమే కనుక మేము కొనలేదు. రోజూ చిన్న విమానంలో వేరువేరు నదులకు తీసుకువెళ్ళే పెద్ద లాడ్జీలు కూడా ఆ ప్రాంతంలో ఉన్నాయి; వాటిలో వారానికి మనిషికి పది వేల డాలర్లు దాటడం సాధారణం. మా కేబిన్లలో అంత హంగు లేదు. మంచాలు ఇరుకు, స్నానానికి వేడి నీళ్ళు వంతులవారీగా వచ్చేవి. అయితే తడిసిన వేడర్లను, బూట్లను ఆరబెట్టడానికి హీటరు పెట్టిన గది ఒకటి ఉంది, కిటికీలకు వెలుతురు చొరబడని మందపాటి తెరలు ఉన్నాయి. రాత్రి పదకొండు దాటినా వెలుగు పూర్తిగా పోని ఆ రోజుల్లో, ముసురు పట్టిన ఆ వాతావరణంలో, మెత్తని పరుపు కంటే ఈ రెండింటికే ఎక్కువ విలువ ఇస్తాను.

అసలు విలువ గైడుది. మొదటి రోజు ఉదయం ఆరు గంటలకే పక్క బసలోని పడవలన్నీ వెళ్ళిపోతుంటే, మా గైడు మాత్రం తొందరపడకుండా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. మాకు అసహనం కలిగి అడిగితే ఆయన చెప్పిన సంగతి ఇది. నది సముద్రంలో కలిసే చోట 32 అడుగులకు మించని వేట పడవలు వందలకొద్దీ వలలు వేస్తాయి. ఏ వేళల్లో వలలు వేయవచ్చో ప్రభుత్వ మత్స్యశాఖ ప్రకటిస్తుంది. వలలు నీళ్ళలో ఉన్నంతసేపూ నదిలోకి వచ్చే చేపలు పలుచబడతాయి. వలలు ఎత్తేసిన తరువాత వచ్చే పోటుతో పాటు గుంపులు గుంపులుగా లోపలికి వస్తాయి. నిన్న సాయంత్రం వలలు ఎత్తేశారు, రాత్రి పోటు వచ్చింది, కాబట్టి చేప ఇక్కడికి చేరేసరికి పది కావచ్చునని ఆయన లెక్క. మేము తొమ్మిదిన్నరకు బయలుదేరాము. పది దాటిన కొద్దిసేపటికే ఒడ్డు వెంబడి నీటి అడుగున నల్లని తాడు లాగుతున్నట్లుగా చేపల బారు మొదలైంది, మధ్యాహ్నం వరకు తెగలేదు. ఉదయం ఆరింటికి వెళ్ళినవారు అప్పటికే చలికి వణుకుతూ కూర్చుని ఉన్నారు.

మేము చేసిన తప్పు ఇంకొకటి ఉంది. పెద్ద నది కదా, చేపలు మధ్యలో ఉంటాయనుకుని నడుము లోతుకు దిగి గాలం దూరంగా విసరడం మొదలుపెట్టాము. గైడు ఒడ్డు నుంచే, “మీరు నిలబడ్డదే చేపల దారి, వెనక్కి రండి” అని పిలిచాడు. ప్రవాహం వడి తక్కువగా ఉండే ఒడ్డు పక్కనే, మోకాలి లోతు నీళ్ళలోనే సాకై ఎదురీదుతుంది. మేము వెనక్కి వచ్చి, పది పన్నెండు అడుగుల దారం మాత్రమే వదిలి, సీసపు గుండు అడుగున రాళ్ళను తట్టుకుంటూ సాగేలా వేయడం నేర్చుకున్నాక నాకు మొదటి చేప పడింది. దాదాపు ఆరు పౌన్ల బరువు. వెండి మీద నీలం పూసినట్లున్న వీపు, చేతిలో పట్టుకుంటే రాలిపోయే పొలుసు. తోక దగ్గర పొట్ట కింద గోధుమ రంగులో రెండు సముద్రపు పేలు, వాటి వెనుక దారాల్లా వేలాడుతున్న తోకలు. అవి మంచినీటిలో కొన్ని రోజులకు మించి నిలవవట. అంటే ఈ చేప సముద్రం విడిచి ఎంతోసేపు కాలేదన్నమాట. గైడు వెంటనే దాని తల మీద కొట్టి, మొప్పలు కోసి, నెత్తురు పూర్తిగా కారనిచ్చి, మంచు పెట్టెలో వేశాడు. ఆ పని ఆలస్యమైతే మాంసం రుచి చెడుతుందని, ప్రతి చేపకూ అంతే శ్రద్ధగా చేశాడు.

సాకై సముద్రంలో ప్రధానంగా నీటిలో తేలే చిన్న జీవులైన ప్లవకాలను తిని బతుకుతుంది, నదిలోకి వచ్చాక మేత మానేస్తుంది. కాబట్టి ఎర చూసి అది కరవడం అరుదు. తెరిచి మూస్తూ ఉండే దాని నోటికి దారం తగిలి, గాలం నోటి అంచున గుచ్చుకుంటుంది. ఇది వేట అనిపించుకుంటుందా అన్న ప్రశ్న మాలో వచ్చింది, రాత్రి భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాము. మంచినీటిలో నోటికి కాక ఒంటికి మరెక్కడైనా గాలం గుచ్చుకున్న చేపను వెంటనే వదిలేయాలన్నది చట్టం. మా గైడు ఆ నియమాన్ని ఒక్కసారి కూడా సడలించలేదు. రెక్కకు గుచ్చుకున్న పెద్ద చేపను నా మిత్రుడు ఒడ్డుకు తెస్తే, ఫోటో కోసం కూడా పైకి ఎత్తనివ్వకుండా నీళ్ళలోనే వదిలించాడు. ఆ పట్టుదల చూశాకే ఆయన మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

కింగ్ సాల్మన్ ఊరికి ఎగువన, నది ఒడ్డున చేపలను లెక్కించే టవరు ఉంది. మనుషులు దానిమీద నిలబడి గంటకు పది నిమిషాల చొప్పున ఒక్కో ఒడ్డున వెళ్ళే చేపలను కంటితో లెక్కపెట్టి, దాన్ని ఆరుతో హెచ్చిస్తారు. నాక్‌నెక్‌లో గుడ్లు పెట్టడానికి 8 లక్షల నుంచి 20 లక్షల సాకై చేపలు పైకి చేరాలన్నది లక్ష్యం. కిందనున్న వేట పడవలకు ఎప్పుడు అనుమతి ఇవ్వాలో నిర్ణయించేది ముఖ్యంగా ఈ లెక్కే. మాకు మొదటి రోజు పది గంటలకు చేప దొరకడానికి, టవరు మీద చలిలో నిలబడి లెక్కపెట్టే ఆ మనుషులకు సంబంధం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంతో గౌరవం కలిగింది.

మూడవ రోజు మాత్రం బాధ కలిగించింది. ఇద్దరికి ఒక గైడు, ఒక పడవ అని బస యాజమాన్యం ముందే రాసి ఇచ్చింది. ఆ ఉదయం మమ్మల్ని నలుగురినీ ఒకే పడవలో కూర్చోబెట్టి, పని ఇంకా నేర్చుకుంటున్న ఒక కుర్రవాడిని అప్పగించి, మా గైడులను కొత్తగా దిగిన వేరే బృందానికి పంపేశారు. ఆ అబ్బాయి మర్యాదస్తుడే కానీ, నలుగురి దారాలు చిక్కుపడితే విప్పడంతోనే అతని పొద్దు గడిచింది. మధ్యాహ్నానికి మాకు అందరికీ కలిపి మూడు చేపలు. సాయంత్రం అడిగితే మొదట “సీజనులో ఇలా జరుగుతుంటుంది” అన్నారు. వారి ఈమెయిలు తీసి చూపించిన తరువాత మనిషికి 200 డాలర్లు తగ్గించారు. ఇచ్చింది సరిపోయిందని నేను అనుకోను, ఎందుకంటే పోయిన రోజు మూడింటిలో ఒకటి. అయినా, గైడుకు ఎంతమంది అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోకపోయి ఉంటే ఆ మాత్రం కూడా దక్కేది కాదు.

గైడు లేని నాలుగవ రోజు నీటిపై దిగే విమానంలో కట్మాయ్ జాతీయోద్యానంలోని బ్రూక్స్ క్యాంపుకు వెళ్ళాము. పార్కులో ప్రవేశ రుసుము లేదు, విమానానికే ఖర్చు. దిగగానే రేంజర్లు ఎలుగుబంట్ల విషయంలో ఎలా మెలగాలో పాఠం చెప్పి కానీ ముందుకు పంపరు: యాభై గజాల దూరం పాటించాలి, తినేవేవీ వెంట ఉంచుకోకూడదు, గాలానికి చేప పడ్డాక ఎలుగుబంటి వస్తే దారం తెంపేయాలి. జలపాతం దగ్గర ఎలుగుబంట్లను చూసే వేదిక మీద ఒకేసారి నలభై మందినే అనుమతిస్తారు, రద్దీ ఉంటే గంట మాత్రమే. మేము వంతు కోసం చాలాసేపు వేచి ఉన్నాము, కానీ విసుగు కలగలేదు. పైకి ఎగిరిన చేప నేరుగా ఎలుగుబంటి నోట్లో పడడం ఆ గంటలో రెండుసార్లు చూశాను. మిగిలినప్పుడంతా అది మాలాగే నిలబడి ఎదురుచూసింది. ఆ రోజు గాలం వేయకపోయినా, మొత్తం యాత్రలో డబ్బు మళ్ళీ సంతోషంగా ఖర్చు పెట్టేది దీనికే.

ఐదవ రోజు పాత గైడు తిరిగి వచ్చాడు, చేపలూ వచ్చాయి. రోజుకు మనిషికి ఐదు ఉంచుకోవచ్చు. అంత అవసరం లేదనుకుని ఒక్కొక్కరం మొత్తం మీద పన్నెండేసి దగ్గర ఆపేశాము. ముళ్ళు తీసిన ముక్కలు మనిషికి సుమారు 40 పౌన్లు తూగాయి. మైనం పూసిన అట్టపెట్టెల్లో గడ్డకట్టించి కట్టి ఇచ్చిన పని చాలా నీటుగా ఉంది, ప్రతి సంచి మీదా తేదీ వేశారు.

బయలుదేరే ఉదయం పొగమంచు దిగింది. ఆ రోజు ఒక్క విమానమూ రాలేదు. ఆంకరేజ్ కోసం దాచుకున్న ఖాళీ రోజు కింగ్ సాల్మన్‌లోనే ఖర్చయింది. బసవారు పెట్టెలను మళ్ళీ తమ ఫ్రీజరులో పెట్టుకున్నారు, అందుకు ఏమీ తీసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం మంచు విడి విమానం వచ్చేసరికి పెట్టెలు రాయిలా గట్టిగానే ఉన్నాయి. మాలో ఇద్దరు ఈలోపు గైడు దగ్గరికి వెళ్ళి, ఆగస్టులో కోహో ఎప్పుడు వస్తుందో కనుక్కుని, తేదీలు రాసుకుని వచ్చారు.