అరకు ఎంపీ సీటు: పాత పద్ధతి మేలా, ఇప్పుడున్నదా, రెండు ముక్కలా?

డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) మాట పేపర్లో కనపడిన ప్రతిసారీ మా వైపు జనం ఇదే అడుగుతారు: అరకు సీటు ఇలాగే ఉంటే మంచిదా, విడదీస్తే మంచిదా? మాది రంపచోడవరం వైపు. ఓటేసేది అరకు పార్లమెంటుకే గానీ, అరకు మొహం చూడనివాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. ఈ మధ్య చుట్టాల పెళ్లికని సాలూరు వెళ్లొచ్చాక నాకు ఈ ప్రశ్న మీద ఒక అభిప్రాయం గట్టిపడింది.

ముందు పాత పద్ధతి. 2009 ఎన్నికల వరకు అప్పటి మా ఎల్లవరం అసెంబ్లీ సెగ్మెంటు భద్రాచలం ఎంపీ సీటులో ఉండేది. చింతపల్లి, పాడేరు కూడా అందులోనే. విశాఖ, తూర్పు గోదావరి, ఖమ్మం మూడు జిల్లాలకూ కలిపి ఒక్క ఎంపీ. అటు పార్వతీపురం వేరే ఎస్టీ సీటు. అరకు లోయ అయితే ఎస్.కోట అసెంబ్లీలో భాగం. 2008 పునర్విభజనలో భద్రాచలం, పార్వతీపురం రెండు సీట్లూ పోయి, పాలకొండ నుంచి రంపచోడవరం దాకా కొండల అంచునే సాగే అరకు సీటు పుట్టింది. పాతదానికి ఉన్న మంచి ఒక్కటే, మన్యానికి ఇద్దరు ఎంపీలు ఉండేవాళ్లు. రాష్ట్రం విడిపోయాక ఆ లెక్కకు తిరిగి వెళ్లే దారి లేదు. ఎలాగూ భద్రాచలం ఇప్పుడు తెలంగాణ.

ఇప్పుడున్న సీటులో పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం కలిపి ఏడు సెగ్మెంట్లు. పార్వతీపురం ఎస్సీకి, మిగతా ఆరూ ఎస్టీకి రిజర్వు. ఆంధ్రప్రదేశ్‌కున్న 25 లోక్‌సభ సీట్లలో ఎస్టీ సీటు ఇదొక్కటే. కాబట్టి పోటీచేసేవాళ్లు ఎవరైనా 1/70 చట్టం (ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది), బాక్సైట్, కాఫీ, పోలవరం నిర్వాసితుల గురించి మాట్లాడక తప్పదు. ఈ సెగ్మెంట్లను తలా ఒకటి పక్కనున్న మైదానపు సీట్లలో కలిపేయాలనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జవాబు కూడా ఇదే. అలా కలిపితే మన ఓటు చారులో ఉప్పు కాదు, సముద్రంలో ఉప్పు.

నా లెక్కలో మాత్రం అసలు విషయం రోడ్డు. డీలిమిటేషన్ చట్టం కూడా నియోజకవర్గం వీలైనంతవరకు దగ్గరగా అల్లుకుని ఉండాలని, రాకపోకల సౌకర్యం చూడాలని చెబుతుంది. మ్యాపులో అరకు సీటు ఒకే పట్టీలా అందంగా కనిపిస్తుంది. కింద నేల మీద అలా లేదు. సాలూరు నుంచి అరకు వెళ్లాలంటే రామభద్రపురం, గజపతినగరం, ఎస్.కోట దిగి వచ్చి మళ్లీ అనంతగిరి ఘాట్ ఎక్కాలి. మొదటి రెండూ విజయనగరం ఎంపీ సీటు, మూడోది విశాఖపట్నం ఎంపీ సీటు. అంటే మన ఎంపీ సొంత సీటులో ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే ఇద్దరు ఎంపీల ఇలాకా దాటాలి! లేదంటే ఒడిశా మీదుగా తిరగాలి. ఏజెన్సీలో రోడ్లన్నీ కొండ దిగి మైదానానికి పోయేవే. సంతకు, ఆస్పత్రికి, కాలేజీకి మేం రాజమండ్రి పోతాం, పాడేరు వాళ్లు విశాఖ పోతారు, పార్వతీపురం వాళ్లు విజయనగరం పోతారు. 2014లో తెలంగాణ నుంచి వచ్చిన ఎటపాక వాళ్లకైతే ఇప్పటికీ బజారంటే భద్రాచలమే.

ఈ లెక్క కొంత మారుతున్నది 516ఈ జాతీయ రహదారితో. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే రోడ్డు ఇది. ఇన్నాళ్లూ మాకూ పాడేరుకూ లేని వరస ఈ రోడ్డు కలుపుతోంది. సాలూరును మాత్రం కలపదు. అందుకే రెండు సీట్లు చేసే రోజు వస్తే కోత సాలూరుకూ అరకుకూ మధ్యే పడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చేసినప్పుడు కూడా అక్కడే కోశారు. అప్పుడు ఇటు మూడు సెగ్మెంట్లు అల్లూరి జిల్లాకు, అటు నాలుగు పార్వతీపురం మన్యానికి వెళ్లాయి.

మరి ఆ రోజు వస్తుందా? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 2014 రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ పెంచమన్నది అసెంబ్లీ సీట్లను, 175 నుంచి 225కి. లోక్‌సభ సీట్లు 25 అలాగే ఉంటే ఒక్కో ఎంపీ కిందకు తొమ్మిది అసెంబ్లీలు వస్తాయి. ఏడుకే తిరగలేని ఎంపీ తొమ్మిదికి ఏం తిరుగుతారు? పైగా లోక్‌సభ సీట్లు పెరగకుండా అరకును చీలిస్తే, ఏ ముక్కా జనాభాకు చాలదు. రెండింటికీ మైదానపు సెగ్మెంట్లు అతికించాల్సి వస్తుంది. అప్పుడు పేరుకు ఎస్టీ సీటు, గెలుపోటములు తేల్చేది కింది ఊళ్లు.

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెబుతున్నది: రాష్ట్రానికి లోక్‌సభ సీట్లు పెరిగితే సాలూరు దగ్గర కోయమనండి. పెరగకపోతే ఈ పొడుగు సీటునే ఉంచి, రంపచోడవరంలో ఎంపీకి ఒక ఆఫీసు, నెలలో రోజులు ఇన్నని అడగండి. మా వాళ్లకు పార్వతీపురం దాకా పోయి అర్జీ ఇచ్చే ఓపిక లేదు, బస్సూ లేదు.