పెడన కళ్లతో హిరోషిగే నక్కల బొమ్మ

నాన్న పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవారు. టేకు అచ్చు గుడ్డ మీద పడే చప్పుడు వింటూ పెరిగాను. అందుకే టోక్యో వచ్చి ఆరేళ్లయినా జపాన్ అచ్చుబొమ్మ ఒక్కటీ కొనలేకపోయాను. పోస్టరుకి డబ్బు పెట్టబుద్ధి కాదు, నూట యాభై ఏళ్ల నాటి అసలు ప్రతి కొనే స్తోమత లేదు. ఈ మార్చిలో ఒక చిన్న దుకాణంలో మధ్యదారి దొరికింది. పాత బొమ్మను చూసి కొత్తగా చెక్కలు చెక్కి, చేత్తో అద్దిన కాగితం. నాకు 16,500 యెన్‌లు పడింది. అక్కడ అలల బొమ్మలూ ఫూజీ కొండలూ చాలా ఉన్నాయి కానీ నేను నక్కల దగ్గర ఆగిపోయాను.

ఇది జపాన్ చిత్రకారుడు ఉతాగావా హిరోషిగే 1857లో వేసినది. ఎడో, అంటే ఇప్పటి టోక్యో, నగరపు ప్రసిద్ధ ప్రదేశాల మీద ఆయన చేసిన పెద్ద వరుసలో 118వది. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు. కాగితం సుమారు 36 సెంటీమీటర్ల ఎత్తు, 24 వెడల్పు. చీకటి పొలం, ఆకులు రాలిపోయిన పెద్ద ఎనోకి చెట్టు, దాని మొదలు దగ్గర నక్కల గుంపు. ఒక్కో నక్క మూతి దగ్గర ఒక చిన్న మంట. వెనక గడ్డివాములు, అడవి, దూరంనుంచి ఇంకా వస్తున్న మంటలు, పైన చుక్కలు. ఏడాది చివరి రాత్రి చుట్టుపక్కల రాష్ట్రాల నక్కలన్నీ టోక్యోలో ఓజి అనే చోట ఉన్న ఈ చెట్టు కింద చేరి, బట్టలు మార్చుకుని, ఇనారి గుడికి వెళ్తాయని కథ. ఇనారి వరిపంటను కాచే దైవం, నక్కలు ఆ దైవం దూతలు. రైతులు ఆ మంటల్ని చూసి వచ్చే పంట ఎలా ఉంటుందో చెప్పుకునేవారట.

మా నాయనమ్మ రాత్రిపూట పొలాల అవతల కదిలే వెలుగు చూపించి "కొరివి దెయ్యమే, అటు చూడకు" అనేది. అదే వెలుగుని ఇక్కడి రైతులు పంట కబురుగా చూసుకున్నారు. దుకాణంలో నిలబడి నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే.

ఇక పనితనం. మన దగ్గర గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది, అచ్చు పైనుంచి దిగుతుంది. ఇక్కడ తలకిందులు. రంగు పూసిన చెర్రీ చెక్క కింద ఉంటుంది, కాగితాన్ని దాని మీద పరిచి, వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వీపున రుద్దుతారు. రంగుకో చెక్క. ఒక రంగు పక్కన ఇంకో రంగు తప్పకుండా కూర్చోవడానికి మా నాన్న కన్నునీ చేతినీ నమ్ముకునేవారు. వీళ్లు ప్రతి చెక్కకీ మూలనొకటి, అంచుననొకటి చిన్న గాడి చెక్కుతారు, కాగితం ఆ గాళ్లలో ఆనుతుంది. పటిక ఇద్దరికీ ఉంది. మనం ఎర్రరంగు పట్టడానికి గుడ్డకి పెడతాం, వీళ్లు జంతువుల జిగురుతో కలిపి రంగు పాకకుండా కాగితానికి పూస్తారు.

నా ప్రతిలో ఆకాశం చూడండి. పైన నల్లగా మొదలై కిందికి వచ్చేసరికి పలచబడుతుంది. తడి చెక్క మీద చేత్తో రంగుని అలా జార్చాలి, ప్రతి కాగితానికీ మళ్లీ చెయ్యాలి. బూడిద నలుపు మీద ఇంకో నలుపు అద్దిన చోట్లు ఉన్నాయి. ఫోనులో అవి కనిపించవు. పక్కనుంచి దీపం పెట్టి చూస్తే అడవి లోపల అడవి తేలుతుంది.

జంతువు విషయం కూడా చెప్పాలి. కృష్ణా జిల్లా పొలాల్లో రాత్రి ఊళ వేసేవి తోడేలు జాతికి దగ్గరివి, వాటినే మనం నక్కలంటాం. ఈ బొమ్మలోవి వేరు, ఎర్రనక్కలు. మన దేశంలో లడఖ్ లాంటి హిమాలయ ప్రాంతాల్లోనూ, రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లోనూ ఉంటాయి. నేను చూసింది హొక్కాయిడోలో, ఫిబ్రవరిలో, బస్సు కిటికీలోంచి. నల్లమేజోళ్లు తొడిగినట్టు కాళ్లు, చెవుల వెనక నలుపు, తోక చివర తెలుపు. తల వంచి మంచు కింద ఎలుక చప్పుడు వింటూ నిలబడి, గాల్లోకి లేచి ముక్కుతో దిగింది. అక్కడి నక్కల్లో మనుషులకు సోకే పురుగుల జబ్బు ఉంది కాబట్టి తాకొద్దని, తిండి పెట్టొద్దని బోర్డులు పెడతారు.

నిజానికి ఎర్రనక్కలు ఇలా గుంపులుగా తిరగవు, మహా అయితే ఒక కుటుంబం. హిరోషిగే వేసింది కథే. కానీ 1873కి ముందు జపాన్‌లో పాత పంచాంగం నడిచేది, దాని ప్రకారం ఏడాది చివరి రాత్రి జనవరి నెలాఖరుకో ఫిబ్రవరికో వచ్చేది. నక్కలు జత కట్టి రాత్రంతా అరిచే రోజులవి. చీకట్లో ఆ అరుపులు విన్న ఊళ్లోనే ఈ కథ పుట్టి ఉంటుందని నేను నమ్ముతున్నాను. నక్క వరిపొలంలో ఎలుకల్ని తింటుంది, రైతు దాన్ని దూత అన్నాడంటే న్యాయమే.

కొనేవాళ్లకు రెండు మాటలు. మొదట దుకాణంవాళ్లు అట్టకి అంటించి, అద్దం బిగించి ఇచ్చారు. మా గదిలో ట్యూబులైటు అద్దంలో మెరిసి బొమ్మలో సగం మింగేసింది. వెనక్కి తీసుకెళ్లి విడి కాగితంగా తీయించుకున్నాను. మీరు ముందే విడిగా అడగండి. జూన్ వానల్లో గోడకి పెట్టకండి, తేమకి అలలు తేలుతుంది. 2,000 యెన్‌ల యంత్రపు ప్రతి కూడా పక్కన పెట్టి చూశాను. బొమ్మ అదే, కానీ ఆ చీకట్లో లోతు లేదు. వీలైతే బొమ్మతో ఓజికి వెళ్లండి. ఆ చెట్టు ఇప్పుడు లేదు, షోజోకు ఇనారి అనే చిన్న గుడి ఉంది. 1993 నుంచి డిసెంబరు 31 రాత్రి నక్క ముఖాలు పెట్టుకుని జనం అక్కడినుంచి ఊరేగింపుగా వెళ్తారు.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. నక్కల్ని ఒక్క క్షణం చూసి, "వెనక్కి తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. బారెన్ రుద్దిన గీతలు వీపంతా గుండ్రంగా ఉన్నాయి. చాలాసేపు మాట్లాడలేదు. సంక్రాంతికి వెళ్లేటప్పుడు చుట్టకుండా, రెండు అట్టల మధ్య పెట్టి తీసుకెళ్తున్నాను. ఆ గీతలు ఆయన వేలితో తడిమి చూసుకోవాలి.