జపాన్‌లో ఏ ఊళ్లో ఏ మాట పనికొచ్చింది, ఎక్కడ ఉంటే బాగుంది

జపాన్ టికెట్లు బుక్ అవగానే మనవాళ్లు యాప్ పెట్టుకుని "నేను స్టూడెంట్‌ని, ఇది పుస్తకం" లాంటివి బట్టీ పడుతుంటారు, అక్కడ ఆ ముక్కలు ఎవరికీ చెప్పే పనే పడదు. టోక్యోలో అయితే అసలు జపనీస్ పెద్దగా అక్కర్లేదు, స్టేషన్ బోర్డులు ఇంగ్లీష్‌లో కూడా ఉంటాయి. ఒక్క షింజుకు స్టేషన్ సంగతే వేరు, ఎగ్జిట్లే 200 దాకా ఉంటాయి. దెగుచి అంటే ఎగ్జిట్, నిషి అంటే వెస్ట్, హిగాషి అంటే ఈస్ట్, ఈ మూడూ తెలిస్తే ఎవర్నైనా అడిగి బయటపడొచ్చు. హోటల్ రూమ్ మాత్రం సూట్‌కేస్ తెరిస్తే కాలు పెట్టే చోటుండదు, శుభ్రానికి వంక పెట్టలేం.

కొన్‌బినీల్లో (సెవెన్ ఇలెవెన్, లాసన్ లాంటి చిన్న షాపులు) కౌంటర్ దగ్గర ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఫుకురో అని వినపడితే కవర్ కావాలా అని, 2020 జులై నుంచి ప్లాస్టిక్ కవర్‌కి డబ్బులు తీసుకుంటున్నారు. అతతమె అని వినపడితే వేడి చెయ్యాలా అని. వద్దంటే దైజోబు దెసు అనేస్తే సరిపోతుంది.

అసలు కష్టం తిండి దగ్గర. మా ఆవిడ ప్యూర్ వెజ్, నికు నాషి అంటే మాంసం లేకుండా అనే కదా అని ధైర్యంగా చెప్తే వాళ్లు చికెన్, పోర్క్ తీసేస్తారు గానీ సూప్‌లో చేప అలాగే ఉంటుంది, ఎందుకంటే దాషి అనే ఆ రసం ఎక్కువగా ఎండు చేప తురుముతోనే కాస్తారు. కాబట్టి సకన అంటే ఫిష్, దాషి అంటే స్టాక్, ఈ రెండూ తప్పకుండా నేర్చుకోండి.

మాటలు రాసుకునేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లో వద్దు, తెలుగులో రాసుకోండి. ఒబసాన్ అంటే ఆంటీ, అదే బా అని దీర్ఘం తీస్తే ఒబాసాన్, బామ్మ అయిపోతుంది! ఇంగ్లీష్‌లో రాస్తే ఈ తేడా చాలాసార్లు ఎగిరిపోతుంది, మనకి దీర్ఘాలూ ఒత్తులూ పుట్టుకతోనే వచ్చు.

క్యోటోలో ర్యొకాన్ (జపాన్ పద్ధతి హోటల్, తతామి చాపల గది, నేల మీద పరుపు) బాగుంది కానీ రేటుకి తగ్గట్టు లేదు, రాత్రి భోజనం వాళ్లు చెప్పిన టైముకే, వెజ్ అని ముందే చెప్పినా రెండు గిన్నెలు పక్కన పెట్టాల్సొచ్చింది. ఫుషిమి ఇనారి గుడికైతే పొద్దున్నే వెళ్లండి, తర్వాత తోపులాటే.

నా ఓటు మాత్రం కోయాసాన్‌కే, కొండ మీద గుళ్ల ఊరు అది. ఒసాకాలోని నాంబా స్టేషన్ నుంచి నాన్‌కాయ్ రైలు, ఆపైన కేబుల్ కార్, తర్వాత బస్సు. అక్కడ 50 దాకా గుళ్లలో బస ఇస్తారు, దాన్ని షుకుబో అంటారు. భోజనం షోజిన్ ర్యోరి, మాంసం చేప మాత్రమే కాదు ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, మా ఆవిడ ట్రిప్ మొత్తంలో ఏమీ అడక్కుండా కడుపునిండా తిన్నది అక్కడే. నువ్వుల తోఫు వదలొద్దు. స్నానాల గది అందరికీ కలిపి ఉంటుంది, సాయంత్రం చలి గట్టిగానే ఉంటుంది, పొద్దున్నే ప్రార్థనకి లేవాలి, ఇవి ఇబ్బంది అనుకునేవాళ్లు ఒసాకాలోనే ఉండి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయండి.

ఇంకోటి, 7 రోజుల జేఆర్ పాస్ (టూరిస్టులకిచ్చే రైలు పాస్) 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి ఒక్కసారే 50,000 చేశారు, టోక్యో, క్యోటో, ఒసాకా మాత్రమే తిరిగేవాళ్లకి విడి టికెట్లే చవక.