కారు బీమా క్లెయిమ్: సర్వేయరు పనితీరు మెచ్చదగినది, కాల్ సెంటర్ సమాచారం అసంపూర్ణం
మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ వద్ద ఆగి ఉన్న మా కారును వెనుక నుంచి ఒక వ్యాను ఢీకొన్న తరువాత, బీమా సంస్థ పంపిన సర్వేయరు గ్యారేజీకి వచ్చి, దెబ్బతిన్న ప్రతి భాగాన్నీ ఓపికగా పరిశీలించి, అంచనాను మాకు వివరించిన తీరు ఎంతో మెచ్చదగినది. అయితే సొంత పాలసీపై క్లెయిమ్ చేస్తే, తప్పు ఎదుటివారిదే అయినా, నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే, 50 శాతం దాకా పెరగగల రాయితీ) కాపాడే యాడ్-ఆన్ (అదనపు కవరు) లేనివారికి ఆ బోనస్ పోతుందని కాల్ సెంటర్ వారు ముందుగా చెప్పకపోవడం చిన్న లోపం కాదు. ఎదుటి వాహనపు థర్డ్ పార్టీ బీమా (ఇతరులకు కలిగించిన నష్టానికి ఉండే బీమా) నుంచి పరిహారం కోరాలంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలని గ్యారేజీ మేనేజరు చెబితేనే తెలిసింది. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కింద సొమ్ము తగ్గించకుండా చూసే యాడ్-ఆన్) ఉన్నందున బంపరు ఖరీదు పూర్తిగా ఇచ్చారు; లేకుంటే ప్లాస్టిక్ భాగాలకు సగమే వచ్చేది. తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారే భరించాల్సిన మొత్తం) మాత్రం మేమే చెల్లించాం.