"రెండు కిలోమీటర్ల టార్చి" అంటే నమ్మి కొనకండి: రొయ్యల గుంటల వాళ్లకు హెచ్చరిక

పోయిన నెల 1,850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక టార్చిలైటు కొన్నాను. పెట్టె మీద "1,00,000 లూమెన్లు, 2 కిలోమీటర్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది. నెల్లూరు జిల్లాలో మా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్ల ఫోన్లలో రోజూ ఇవే ప్రకటనలు తిరుగుతున్నాయి. ఇంకొకరు డబ్బు పోగొట్టుకోకూడదని నాకు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అది వచ్చిన పది రోజులకు, తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. జనరేటర్ వేశాం. అవతలి కట్ట పక్కనున్న ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మిషన్లు, తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఆ వేళకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది, రొయ్య పైకి తేలిందంటే ఇక చేతిలో ఏమీ ఉండదు. కొత్త టార్చి వేశాను. కాళ్ల ముందు పట్టపగలే. కట్ట వార నీళ్లలో రొయ్యల కళ్లు ఎర్రగా మెరుస్తూ కనిపించాయి. కానీ 180 మీటర్ల దూరంలో ఉన్న అవతలి కట్ట మాత్రం నల్లగా అలాగే ఉంది.

పక్క గుంట మామ తన టార్చి తెచ్చి వేశాడు. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, దాని మీద రాసింది 1,000 లూమెన్లే. సన్నటి వెలుగు గీత నీళ్ల మీదుగా పోయి అవతల పడింది. మూడు ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి, నాలుగోది ఆగిపోయి ఉంది. "అల్లుడూ, అదిగో, దాని ఫ్యూజు చూడు పో" అన్నాడు. నా లైటునే నమ్ముకుని ఉంటే ఆ నాలుగోది తెల్లారేదాకా తెలిసేది కాదు.

లక్ష ఓడిపోయి వెయ్యి ఎలా గెలిచింది? ఈ సంగతి కొనేముందు తెలిసి ఉంటే నేను మోసపోయేవాణ్ణి కాదు. లూమెన్ అంటే టార్చిలోంచి అన్ని వైపులకూ వచ్చే మొత్తం వెలుగు. దూరం పోవడానికి కావలసింది ఒకే వైపు కుదురుగా పడే వెలుగు, దాన్ని కాండెలాల్లో చెబుతారు. మోటారు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు ఎంత దూరం కొడతాయో చూశారుగా. నీళ్లు అవే, పోయే దూరం వేరు.

టార్చిలకు ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్‌1 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే చోటును "బీమ్ దూరం" అంటారు. లక్స్ అంటే ఒక చోట మీద పడే వెలుగుకు కొలత, 0.25 అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. ఇక్కడే మనం పొరబడతాం. నిజాయితీగా 400 మీటర్లు అని రాసిన లైటు కూడా 400 మీటర్ల దగ్గర ఇచ్చేది వెన్నెల మాత్రమే. పని జరిగేలా కనపడాలంటే అందులో సగమే లెక్కేసుకోవాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే సగం దూరంలో నాలుగు రెట్లు బాగా కనిపిస్తుంది.

లెక్క కూడా తేలికే. కాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 కాండెలాలకు 200 మీటర్లు. నా పెట్టె మీద రాసిన 2 కిలోమీటర్లు రావాలంటే పది లక్షల కాండెలాలు ఉండాలి. నేను ఇంట్లోనే కొలిచాను. లైట్ మీటర్ యాప్ ఉన్న ఫోన్‌ను చీకటి గదిలో గోడకు ఆనించి, సరిగ్గా 5 మీటర్ల నుంచి రెండు టార్చిలూ వేశాను. వచ్చిన లక్స్‌ను 25తో (దూరం 5 × 5) గుణిస్తే కాండెలాలు. నాది జూమ్ పూర్తిగా లాగినా 260 లక్స్, అంటే 6,500 కాండెలాలు, 160 మీటర్లు. మామది 1,600 లక్స్, అంటే 40,000 కాండెలాలు, 400 మీటర్లు. ఫోన్ కొలత అంత ఖచ్చితం కాదు, కానీ రెండింటినీ ఒకే ఫోన్‌తో కొలిస్తే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

లక్ష లూమెన్లు అన్న మాట సంగతి కూడా చూడండి. మన ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 900 లూమెన్లు. లక్ష అంటే అలాంటి బల్బులు నూటపది, దగ్గర దగ్గర వెయ్యి వాట్లు. బొటనవేలంత సెల్లు అంత కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆ సెల్లు విప్పి చూశాక ఇంకా కోపం వచ్చింది. అది 18650 సైజు, పైన 9,900 ఎంఏహెచ్ అని అచ్చేశారు, అంటే సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే అంకె. ఆ సైజులో అసలైన మంచి సెల్లే సుమారు 3,500 దగ్గర ఆగిపోతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో (కౌంటు) చూడటానికి వాడే చిన్న కాటా మీద పెడితే 31 గ్రాములు తూగింది. మామ సెల్లు 47. బరువు తక్కువంటే లోపల సరుకు తక్కువన్నమాట. ఇరవై నిమిషాలకే నా లైటు ఎందుకు మసకబారిపోయేదో అప్పుడు అర్థమైంది. ఇలాంటి సెల్లును మేత బస్తాలున్న షెడ్డులో రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకోకండి. వేడెక్కి అంటుకుంటే అక్కడ ఆర్పే దిక్కుండదు.

అమ్మినవాళ్లను అడిగితే వారం దాటింది, వాపసు కుదరదన్నారు. బిల్లు, పెట్టె ఫోటో, నా కొలతల వీడియో దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. మీరు కొంటే పార్శిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి, వచ్చిన రాత్రే కట్ట మీద వేసి చూడండి. నేను పది రోజులు ఊరకే ఉండి గడువు పోగొట్టుకున్నాను. కాండెలాలు ఎన్నో రాయని టార్చి జోలికి మాత్రం పోకండి.

మా చుట్టుపక్కల ఎవరైనా కొనబోతుంటే రాత్రి ఎనిమిది దాటాక గుంట దగ్గరికి రండి. రెండు లైట్లూ అవతలి కట్ట మీద వేసి చూపిస్తాను.