నిమ్మ ఉప్పు: బోరు నీళ్ల ఇంట్లో ఏళ్ల తరబడి వాడాక

గుంటూరులో బోరు నీళ్లతో కాపురం చేసేవాళ్లకి కుళాయిల మీది తెల్ల గార గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా బ్రాడీపేట ఇంట్లో తాగడానికీ వంటకీ మున్సిపాలిటీ నీళ్లు, మిగతా అన్నిటికీ ట్యాంకులోకి ఎక్కే బోరు నీళ్లు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) బకెట్లకి పట్టిన గారని వదిలిస్తుందని చాలామందికి తెలుసు. నాకు దాని మీద ఇంత గురి కుదరడానికి కారణం మాత్రం వంటింటి కుళాయి.

కొన్నేళ్ల కిందట, ఎండలు ముదరకముందే సింక్ కుళాయి ధార సన్నబడుతూ వచ్చింది. పోనుపోను రెండుగా చీలి, ఒకటి గిన్నెలోకి, ఇంకోటి గోడ మీదకి చిమ్మేది. గిన్నె కడగాలన్నా అలా నిలబడి చూడాల్సిందే. పిలిపించిన ప్లంబరు కుళాయికి చెయ్యి కూడా తగిలించకుండా, లోపల పైపు పూడుకుపోయింది, టైల్స్ పగలగొట్టి లైను మార్చాలన్నాడు. అద్దె ఇల్లు. ఓనరు గారికి ఈ మాట ఎలా చెప్పాలా అని ఒకటే టెన్షన్. పని చూడకుండా పగలగొట్టమని చెప్పిన ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే.

దారి చూపింది మా అత్తగారు. "అదే పైపు మీద వాషింగ్ మెషిన్ కుళాయి ఉంది కదమ్మాయ్. దాంట్లో దబదబా వస్తున్నాయిగా. పైపు పూడితే రెండూ పూడొద్దూ?" అన్నారు. నిజమే. అయితే అడ్డం సింక్ కుళాయిలోనే ఎక్కడో ఉండాలి. దాని మూతికి చిన్న జాలీ బిగించి ఉంటుంది. గుడ్డ చుట్టి తిప్పితే కాసేపు మొరాయించి ఊడొచ్చింది. లోపల జాలీ కనపడటం లేదు, అంతా తెల్లటి పెచ్చు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి అందులో పడేశాను. వెంటనే బుసబుసా నురగ. ఆ పెచ్చులో ఎక్కువ భాగం సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే. పులుపు తగిలితే అది కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. నురగ ఆగాక పాత టూత్ బ్రష్‌తో రుద్ది, కడిగి బిగించాను. కుళాయి తిప్పగానే గలగలమంటూ నిండు ధార! ఆ పూట ఇంట్లో అందరం ఒకరి తర్వాత ఒకరం ఆ కుళాయి తిప్పి చూశాం. గోడ మీద ఒక్క టైలూ కదలలేదు, ఖర్చు కిరాణా కొట్లో కొన్న చిన్న పొట్లం.

ఆ ఊపులో షవరు, బకెట్లు, హీటర్ రాడ్ అన్నీ కడిగేశాను. షవరు చిల్లులు బాగా తెరుచుకున్నాయి. హీటర్ రాడ్‌ని ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, కింది భాగం మాత్రమే ముంచాలి. గార వదిలింది గానీ, నీళ్లు కాగినప్పుడల్లా సున్నం మళ్లీ రాడ్‌కే అతుక్కుంటుంది, కాబట్టి దానికి ఈ పని మాటిమాటికీ చెయ్యక తప్పదు. ఇడ్లీ కుక్కర్‌కి మాత్రం నేను మళ్లీ పాత పద్ధతికే వచ్చాను. అడుగు నీళ్లలో ఒక చింతపండు రెబ్బ వేస్తే నలుపు పట్టదు, రుద్దే పనే ఉండదు. అల్యూమినియం గిన్నెల్ని పులుపులో రాత్రంతా నానబెట్టడం మంచిది కాదు, లోహాన్నే తినేస్తుంది.

ఇంట్లో అన్నిటికీ ఇదొక్కటే చాలని అప్పట్లో మా చుట్టాలందరికీ చెప్పాను. ఇప్పుడు ముందుగా, మీ వంటింటి గట్టు ఏ రాయి అని అడుగుతున్నాను. మాది గ్రానైట్, ఏమీ కాలేదు. మా కింది పోర్షన్‌లో కడప బండ. ఈ నిమ్మ ఉప్పు నీళ్లు చిందిన చోటల్లా మెరుపు పోయి మచ్చలు పడ్డాయి. కడప బండైనా, మార్బుల్ అయినా సున్నపురాయి జాతే. గారని కరిగించే పులుపు వాటినీ కరిగిస్తుంది. ఆ మచ్చ కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చవక కుళాయిల పై పూత కూడా ఎక్కువసేపు నానితే చెడుతుంది, అందుకే నురగ ఆగగానే తీసేస్తాను. బాత్రూంలో బ్లీచింగ్ పౌడర్ చల్లిన రోజున దీన్ని అసలు అటు తీసుకెళ్లను. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. ఇంకో సంగతి, పొట్లంలో చూస్తే ఇదీ పంచదారా ఒకేలా ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో సీసాలో పోసి పేరు రాసి పెట్టుకోవాలి.

దీనివల్ల నీళ్లు మారవు. రెండు మూడు నెలలకి జాలీ మళ్లీ మూసుకుపోతుంది, మళ్లీ విప్పాలి. నాకది పెద్ద పని కాదు. అద్దె ఇల్లు కాబట్టి నీళ్లు మెత్తబరిచే మిషన్ పెట్టించే ఆలోచన మాకు లేదు. సొంతిల్లు, ఇంటి నిండా ఖరీదైన ఫిట్టింగులు ఉన్నవాళ్లకి ఆ మిషనే మేలు కావచ్చు. రోజంతా కృష్ణా నీళ్లే వచ్చే ఇళ్లకి బహుశా దీని అవసరమే అంతగా ఉండదు. మాలాంటి బోరు ఇల్లై, గట్టు గ్రానైట్‌దైతే మాత్రం, ప్లంబరుకి ఫోన్ చేసే ముందు కుళాయి మూతి జాలీ ఒకసారి విప్పి చూడండి.